కార్బొరేటర్ తీసేస్తే మిగిలేదెంత?

ముందు ఒక లెక్క వేద్దాం. 1972 నాటి షెవ్రొలె సీ-10 పికప్ ఒకటి ఉందనుకోండి. 350 క్యూబిక్ అంగుళాల వీ8 ఇంజిన్, అంటే 5.7 లీటర్లు. గ్యాలన్‌కు 11 మైళ్లు ఇస్తోంది. మన కొలతలో లీటరుకు 4.7 కిలోమీటర్లు. దాని కార్బొరేటర్ ఊడదీసి, సుమారు 2,500 డాలర్లు పోసి, బజారులో దొరికే ఎలక్ట్రానిక్ ఫ్యూయల్ ఇంజెక్షన్ కిట్ బిగించారు. మైలేజీ 13కు చేరింది, అదీ ఉదారంగా వేసుకుంటే. వారాంతాల్లో బయటికి తీసే బండి, ఏడాదికి 4,000 మైళ్లు తిరుగుతుంది. ఇదివరకు 364 గ్యాలన్లు తాగేది, ఇప్పుడు 308 తాగుతుంది. మిగిలింది 56 గ్యాలన్లు. గ్యాలన్ 3 డాలర్ల చొప్పున ఏడాదికి 168 డాలర్లు. పెట్టిన సొమ్ము చేతికి రావడానికి 15 ఏళ్లు పడుతుంది.

రోజూ ఆఫీసుకు తిప్పి ఏడాదికి 12,000 మైళ్లు దాటిస్తే ఐదేళ్లలో తీరుతుంది. కానీ యాభై ఏళ్లు నిండిన బండిని అలా తిప్పే గుండె ఎందరికుంది?

కాబట్టి పెట్రోలు ఆదా అవుతుందని ఈ పని మొదలుపెట్టేవాళ్లు మొదలుపెట్టకపోవడమే మంచిది. అయినా అమెరికాలో పాత పికప్‌లున్నవాళ్లు వేల డాలర్లు పెట్టి ఈ మార్పు చేయించుకుంటూనే ఉన్నారు. ఆ డబ్బుతో వాళ్లు కొనుక్కుంటున్నది మైలేజీ కాదు. మరేమిటన్నది మిగతా అంకెల్లో ఉంది.

అమెరికాలో ట్రక్ అంటే మన లారీ కాదు. వెనక తొట్టి ఉన్న పికప్‌నే అక్కడ ట్రక్ అంటారు. ఫోర్డ్ ఎఫ్-100, షెవ్రొలె సీ-10, డాడ్జ్ డీ-100 లాంటివి అక్కడి పల్లెటూళ్లలో ఒకప్పుడు మన ట్రాక్టరంత మామూలు బండ్లు. ఇప్పుడు అవే ముచ్చటపడి కొనుక్కునే పాత బండ్లయ్యాయి. డాలస్, హ్యూస్టన్ పరిసరాల్లో స్థిరపడిన మనవాళ్లలో కూడా ఇంటి గ్యారేజీలో ఒకటి పెట్టుకుని ఆదివారాలు దానికింద దూరేవాళ్లు ఉంటారు. ఊళ్లో ఉన్న పాఠకులకూ ఈ మార్పు కొత్తదేమీ కాదు. 2020 ఏప్రిల్ 1న బీఎస్-6 నిబంధనలు వచ్చాక మన స్ప్లెండర్లూ యాక్టివాలూ కార్బొరేటర్‌కు వీడ్కోలు చెప్పాయి. చలికాలం పొద్దున చోక్ లాగి, నాలుగు కిక్కులు కొట్టి, కాసేపు రేస్ ఇచ్చి నిలబెట్టే పని అప్పటితో పోయింది. తేడా ఒక్కటే. మనకు కంపెనీ వాళ్లే పెట్టి ఇచ్చారు, అక్కడ యజమాని తానే పెట్టుకుంటున్నాడు.

కార్బొరేటర్‌కు తూకం తెలియదు

పెట్రోలు సరిగ్గా మండాలంటే ఒక గ్రాము పెట్రోలుకు 14.7 గ్రాముల గాలి కావాలి. అమెరికా బంకుల్లో ఎక్కువగా దొరికే 10 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలుకైతే దాదాపు 14.1. పూర్తి శక్తి కావాలంటే కాస్త చిక్కగా, 12.5 నుంచి 13 దాకా కలపాలి. ఇవన్నీ తూకం లెక్కలు. చిక్కేమిటంటే కార్బొరేటర్ దగ్గర త్రాసు లేదు.

దాని పని సూటిగా ఉంటుంది. సన్నటి గొంతు గుండా గాలి వేగంగా పోతే అక్కడ ఒత్తిడి తగ్గుతుంది, పక్కనున్న గిన్నెలోంచి పెట్రోలు జెట్ గుండా పైకి ఎగబాకుతుంది. ఎంత రావాలో జెట్ రంధ్రం తేలుస్తుంది. ఇంత చిన్న ఆలోచనతో వందేళ్లపాటు ప్రపంచాన్ని నడిపిన పరికరాన్ని తక్కువ చేసి మాట్లాడటం నాకు ఇష్టం ఉండదు. పైగా ఈ సీ-10ల మీద చాలావాటికి ఉండే రోచెస్టర్ క్వాడ్రాజెట్ తెలివైన సరుకే. ముందు రెండు చిన్న గొంతులతో పొదుపుగా నడుస్తుంది, కాలు నొక్కితేనే వెనక రెండు పెద్ద గొంతులు తెరుచుకుంటాయి. కానీ గాలి బరువు మారితే ఆ సంగతి దానికి తెలిసే దారి లేదు.

గాలి పలచబడినప్పుడు కార్బొరేటర్ తేడా కొట్టేది సాంద్రత నిష్పత్తికి వర్గమూలం చొప్పున. ఇది చిన్న సూత్రమే గాని దాంతో కొండదారి కథంతా చెప్పొచ్చు. సముద్రమట్టానికి దగ్గరున్న హ్యూస్టన్‌లో మిశ్రమాన్ని 14.7 దగ్గర చక్కగా ట్యూన్ చేయించుకుని డెన్వర్ బయల్దేరారనుకోండి. డెన్వర్ 5,280 అడుగుల ఎత్తు. అక్కడ గాలి సాంద్రత కిందటి దానిలో 85 శాతం చిల్లర. వర్గమూలం తీస్తే 0.925. మీరేమీ ముట్టుకోకుండానే మిశ్రమం 13.6 అయిపోతుంది. అక్కణ్నుంచి ఐ-70 హైవే మీద పడమటికి పోతే ఐసెన్‌హోవర్ సొరంగం 11,000 అడుగులు దాటి ఉంటుంది. సాంద్రత 71 శాతం, మిశ్రమం 12.4. ఇంకా సరదా తీరకపోతే కొలరాడోలోనే పైక్స్ పీక్ మీదికి రోడ్డు ఉంది, శిఖరం 14,115 అడుగులు. అక్కడ 11.8కి పడిపోతుంది. ఇంజిన్‌కు ఊపిరాడక శక్తి ఎలాగూ తగ్గుతుంది. పైనుంచి అక్కర్లేని పెట్రోలు మింగుతూ, నల్లపొగ వదులుతూ, ప్లగ్గులు మసిబారి మిస్ కొడుతూ ఎక్కుతుంది.

చలికి ఇదే కథ తిరగబడుతుంది. 35 డిగ్రీల ఎండలో సరిగ్గా పెట్టుకున్న బండిని మైనస్ 10 డిగ్రీల చలిలో తీస్తే గాలి 17 శాతం బరువెక్కి ఉంటుంది. మిశ్రమం 14.7 నుంచి 15.9కి పలచబడుతుంది. పైగా చల్లటి ఇంజిన్‌లో పెట్రోలు సరిగ్గా ఆవిరి కాదు. అందుకే చోక్, అందుకే దాన్ని తిప్పే రెండు లోహాల చుట్ట స్ప్రింగు, అందుకే వేడెక్కేదాకా ఐడిల్ పెంచే మెట్ల కామ్. ఇవన్నీ లేని త్రాసుకు బదులుగా పెట్టుకున్న ఊహలు.

ఇక వేడి. ఇంజిన్ పక్కనుండి కార్బొరేటర్‌కు పెట్రోలు తెచ్చే మెకానికల్ పంపు 4 నుంచి 7 పీఎస్ఐ ఒత్తిడే ఇస్తుంది. అంత తక్కువ ఒత్తిడిలో ఉన్న పెట్రోలు, వేడి గొట్టంలో తేలిగ్గా ఆవిరై బుడగలు కడుతుంది. ఇథనాల్ కలిస్తే ఆ గుణం ఇంకొంచెం పెరుగుతుంది. ఎండలో నడిపి, పదినిమిషాలు ఆపి, మళ్లీ తాళం తిప్పితే స్టార్టర్ గిర్రున తిరుగుతుంది తప్ప బండి అందుకోదు. అమెరికాలో పెద్దవాళ్లు పెట్రోలు గొట్టానికి బట్టల క్లిప్పులు వరసగా పెట్టేవారు, వేడి లాగుతుందని. మన అంబాసిడర్ డ్రైవర్లు ఫ్యూయల్ పంపు మీద తడిగుడ్డ చుట్టి మగ్గుతో నీళ్లు పోసేవారు. రెండు దేశాల్లోనూ జబ్బు ఒకటే. వైద్యాల్లో మాత్రం మన తడిగుడ్డకే నా ఓటు.

ఒక మిల్లీసెకను సంగతి

ఇంజెక్షన్ ఈ లెక్కను తలకిందులు చేస్తుంది. గాలి లాగితే పెట్రోలు రావడం కాదు, ఎంత గాలి వచ్చిందో ముందు కంప్యూటర్ లెక్కగట్టి, ఎంత పెట్రోలు వదలాలో తర్వాత తేలుస్తుంది. కార్బొరేటర్ ఉన్న చోటే, అవే నాలుగు బోల్టుల మీద కూర్చునే థ్రాటిల్ బాడీ కిట్లలో గాలిని నేరుగా తూచే పరికరం ఉండదు. మానిఫోల్డ్‌లో ఒత్తిడి ఎంత, గాలి ఎంత వేడిగా ఉంది, ఇంజిన్ నిమిషానికి ఎన్ని చుట్లు తిరుగుతోంది అన్న మూడు అంకెల నుంచి గాలి బరువు లెక్కవేస్తారు. డెన్వర్‌లో ఒత్తిడి తగ్గితే ఆ తగ్గుదల మొదటి అంకెలోనే పట్టుబడుతుంది.

మన 350నే తీసుకుని చూద్దాం. ఒక్కో సిలిండర్ 0.717 లీటర్లు. కాలు పూర్తిగా నొక్కినప్పుడు సిలిండర్ 85 శాతం నిండిందనుకుంటే లోపలికి పోయే గాలి 0.73 గ్రాములు. దానికి కలపాల్సిన పెట్రోలు 57 మిల్లీగ్రాములు. ఖాళీగా ఐడిల్‌లో నిలబడినప్పుడు ఒక్కో పేలుడుకు 12 మిల్లీగ్రాములు చాలు. చిటికెడు ఉప్పులో పదో వంతు కూడా కాదు. ఐడిల్‌లో నిమిషానికి 2,800 సార్లు, 5,000 చుట్ల దగ్గర 20,000 సార్లు ఈ తూకం తప్పకుండా జరగాలి.

ఇప్పుడు కిట్ పెట్టె మీది అంకెలు చదవొచ్చు. హోలీ కంపెనీ స్నైపర్ తొలి తరం కిట్‌లో నాలుగు ఇంజెక్టర్లు, ఒక్కోటి గంటకు 100 పౌండ్ల పెట్రోలు వదలగలదు, 650 హార్స్‌పవర్ దాకా సరిపోతుంది అని రాసి ఉంటుంది. ఈ 650 ఎక్కణ్నుంచి వచ్చింది? ఒక హార్స్‌పవర్‌ను గంటసేపు ఇవ్వడానికి ఇలాంటి ఇంజిన్‌కు అర పౌండు పెట్రోలు కావాలన్నది వర్క్‌షాపుల్లో వాడే అంచనా. నాలుగు ఇంజెక్టర్లు కలిపి 400 పౌండ్లు, అందులో 80 శాతమే వాడుకోవాలన్న జాగ్రత్తతో 320, దాన్ని అర పౌండుతో భాగిస్తే 640. పెట్టె మీది మాట నిజమే. కానీ మన పాత 350 ఇచ్చేది 200 లోపే, బాగా పనిచేయిస్తే 300. దానికి గంటకు 150 పౌండ్లు చాలు.

ఎక్కువుంటే నష్టమేమిటంటారా? గంటకు 100 పౌండ్లంటే మిల్లీసెకనుకు 12.6 మిల్లీగ్రాములు. ఐడిల్‌లో కావాల్సింది 12. ఒక్కో పేలుడుకు ఒక్కో ఇంజెక్టర్ తెరుచుకుంటుందనుకుంటే, అది నిజంగా తెరిచి ఉండేది ఒక్క మిల్లీసెకను. కరెంటు ఇచ్చాక దాని మూత లేవడానికే దాదాపు మరో మిల్లీసెకను పడుతుంది, అదీ బ్యాటరీ 13.5 వోల్టులు ఇస్తున్నప్పుడు. వోల్టేజీ 10కి పడితే ఆ ఆలస్యం ఇంచుమించు రెట్టింపవుతుంది. కంప్యూటర్ దీన్ని సరిదిద్దుకుంటుంది, కానీ దానికి అందే వోల్టేజీ అంకె సరైనదైతేనే. ఇదొక్కటి గుర్తుపెట్టుకోండి. ఎర్త్ వైరు తుప్పుపడితే ఐడిల్ ఎందుకు ఊగుతుందన్న ప్రశ్నకు జవాబు ఇక్కడే ఉంది.

'తనంతట తానే నేర్చుకుంటుంది'

ఈ కిట్లను అమ్మే మాట ఇది. ఇంజిన్ సైజు, సిలిండర్ల సంఖ్య, వాల్వులను తెరిచే కామ్ రకం చేతిలోని చిన్న తెర మీద నొక్కితే చాలు, మిగతాది బండి నడుస్తూ నేర్చుకుంటుందని. అబద్ధం కాదు, సగం నిజం.

నేర్పే గురువు సైలెన్సర్ గొట్టంలో కూర్చున్న ఆక్సిజన్ సెన్సార్. మండాక ఎంత ఆక్సిజన్ మిగిలిందో చూసి మిశ్రమం ఎంతో చెబుతుంది. కంప్యూటర్ తన పట్టికలోని అంకెను దానికి తగ్గట్టు జరుపుకుంటుంది. చాలా బాగుంది. కానీ సెన్సార్ కొలిచేది ఆక్సిజన్‌ను, పెట్రోలును కాదు. యాభై ఏళ్ల మానిఫోల్డ్‌కు సన్నటి పగులు ఉండి, దాంట్లోంచి బయటి గాలి లోపలికి దూరితే సెన్సార్ 'పలచగా ఉంది' అంటుంది. కంప్యూటర్ నమ్మి పెట్రోలు పెంచుతుంది. ఒక ప్లగ్గు పనిచేయక మిస్ కొడితే మండని గాలి మొత్తం అలాగే బయటికి వస్తుంది, సెన్సార్ మళ్లీ 'పలచగా ఉంది' అంటుంది, కంప్యూటర్ ఇంకా పెంచుతుంది. బండి నల్లపొగ కక్కుతుంటే తెర మీద మాత్రం మిశ్రమం చక్కగా 14 దగ్గర కనబడుతుంది. తప్పుడు పాఠం చెప్పే గురువు దగ్గర చురుకైన పిల్లవాడిని కూర్చోబెట్టినట్టు.

సెన్సార్‌ను ఎలా బిగిస్తారన్నదీ అంతే ముఖ్యం. గొట్టానికి కిందివైపు బిగిస్తే, స్టార్ట్ చేసిన కొత్తలో చేరే నీటి చుక్కలు వేడి సెన్సార్‌ను పగలగొడతాయి. అందుకే అడ్డగీతకు కనీసం 10 డిగ్రీలు పైకి ఉండాలంటారు. గడియారం ముఖంలో 10కీ 2కీ మధ్య అనుకోండి.

చలిలో స్టార్టింగ్, ఒక్కసారిగా కాలు నొక్కినప్పుడు ఇచ్చే అదనపు తడుపు, ఈ రెండూ అది తనంతట తాను గొప్పగా నేర్చుకోలేదు. చల్లటి ఇంజిన్‌లో పెట్రోలు గోడలకు అంటుకుపోతుంది గనుక సెన్సార్ మాట అప్పుడు అక్కరకు రాదు. ఆ అంకెలు యజమానే ఓపిగ్గా దిద్దుకోవాలి. మూడు నాలుగు చల్లటి పొద్దులు ఖర్చవుతాయి. పెద్ద కామ్ వేసి, ఐడిల్‌లో గడగడలాడించే బండ్లకైతే ఇంకా తలనొప్పి, మానిఫోల్డ్ ఒత్తిడే నిలకడగా ఉండదు కాబట్టి.

అసలు పని ట్యాంకులో ఉంది

కొన్నవాళ్లు పెట్టె విప్పి మెరిసే థ్రాటిల్ బాడీని చూసి మురిసిపోతారు. అది బిగించడం ఒక పూట పని. మిగిలిన శనాదివారాలన్నీ పెట్రోలు ట్యాంకు తినేస్తుంది. నా లెక్కలో ఈ మార్పు బాగా కుదిరిన బండికీ, మధ్యదారిలో ఆగే బండికీ తేడా తెచ్చేది కిట్ బ్రాండు కాదు, ట్యాంకు నుంచి ఇంజిన్ దాకా ఉన్న దారి.

కార్బొరేటర్‌కు 4 నుంచి 7 పీఎస్ఐ చాలన్నాం. ఈ కిట్లకు 58 పీఎస్ఐ కావాలి. కారు టైరులో మనం కొట్టించే గాలికి ఇది దాదాపు రెట్టింపు. పాత రబ్బరు గొట్టం కొంచెం చెమర్చితే కార్బొరేటర్ రోజుల్లో వాసన వచ్చేది. ఇప్పుడు అదే చోట సన్నటి ధారగా వేడి సైలెన్సర్ మీదికి చిమ్ముతుంది. అమెరికా ప్రమాణాల్లో కార్బొరేటర్ గొట్టం 30ఆర్7, అది 50 పీఎస్ఐ వరకే. ఇంజెక్షన్‌కు 30ఆర్9, అది 100 దాకా తట్టుకుంటుంది. గొట్టం మీదే అచ్చువేసి ఉంటుంది, అడుగుకు రెండు మూడు డాలర్లు మిగులుతాయని ఆ అచ్చును చూడకుండా కొనకండి. క్లిప్పులు కూడా రబ్బరును కోసే మర చీలికలవి కాకుండా, అంచు మడిచిన ఇంజెక్షన్ క్లిప్పులే వాడాలి.

ఇక పంపు. ఈ కిట్లకు మామూలుగా వాడేది గంటకు 255 లీటర్లు అని రాసి ఉన్న పంపు. 58 పీఎస్ఐకి ఎదురు తోయాలి కాబట్టి 200 వేసుకుందాం. గంటకు 60 మైళ్ల వేగంతో నిదానంగా పోయే బండి గంటకు 17 లీటర్ల చిల్లర తాగుతుంది. మిగతా 183 లీటర్లు రెగ్యులేటర్ గుండా మళ్లీ ట్యాంకుకే వెనక్కి. 20 గ్యాలన్ల ట్యాంకు నిండుగా ఉంటే అందులోని పెట్రోలంతా 25 నిమిషాలకోసారి ఇంజిన్ దాకా వెళ్లి వేడెక్కి వస్తుంది. పావు ట్యాంకే ఉంటే ఆరు నిమిషాలకోసారి.

ఈ సీ-10కు ఒక విచిత్రం ఉంది. 1972 దాకా ఆ బండ్లలో పెట్రోలు ట్యాంకు ఉండేది క్యాబిన్ లోపల, సీటు వెనక. అవును, నడిపేవాడి వీపు ఆనుకుని. ఆరు నిమిషాలకోసారి వేడెక్కి వచ్చే పెట్రోలును, కొత్తగా రంధ్రాలు చేసిన ఆ పాత ట్యాంకులో, వీపు వెనక పెట్టుకుని జూలై నెలలో టెక్సాస్‌లో నడపడం నేనైతే ఎవరికీ సలహా ఇవ్వను. చాలామంది ఇదే అదనుగా ట్యాంకును వెనక తొట్టికిందికి దించేస్తారు. లోపలే పంపు అమరి, పెట్రోలు అటూ ఇటూ ఊగకుండా అడ్డుపలకలున్న కొత్త ట్యాంకులు ఈ బండికే తయారై దొరుకుతాయి. 400 నుంచి 700 డాలర్లు అదనంగా అవుతుంది. దీంట్లో కక్కుర్తి పడితే మిగతా ఖర్చంతా బూడిదలో పోసిన పన్నీరే.

అడ్డుపలకలెందుకంటే, కార్బొరేటర్‌కు తన గిన్నెలో కొన్ని సెకన్ల నిల్వ ఉంటుంది. మలుపులో పెట్రోలు పక్కకు జారి పంపు ఒక క్షణం గాలి మింగినా కార్బొరేటర్ బండికి తెలియదు. ఇంజెక్షన్‌కు నిల్వ లేదు. గాలి వచ్చిన మరుక్షణం దగ్గుతుంది. పంపును ట్యాంకు బయట, ఛాసిస్‌కు బిగించి సరిపెట్టుకునేవాళ్లున్నారు. ఈ పంపులు తోయడంలో మొనగాళ్లు, లాగడంలో కాదు. ట్యాంకుకన్నా ఎత్తులో పెడితే ఎండాకాలంలో గీపెడుతూ, తొందరగా చస్తాయి. చుట్టూ పెట్రోలు ఉంటేనే వాటికి చల్లదనం.

తర్వాత కరెంటు. పంపుకు 8 నుంచి 10 ఆంపియర్లు కావాలి, కంప్యూటర్, ఇంజెక్టర్లు, సెన్సార్ హీటర్ కలిపి మరో 5. ఆ కాలపు సీ-10 మామూలు ఆల్టర్నేటర్ 37 ఆంపియర్లది, ఐడిల్‌లో అందులో సగం రావడమే గగనం. రాత్రిపూట హెడ్‌లైట్లు, హీటర్ ఫ్యాను వేసి సిగ్నల్ దగ్గర ఆగితే వోల్టేజీ జారుతుంది. ఆ తర్వాత ఏమవుతుందో ఇందాక మిల్లీసెకను లెక్కలో చూశాం. కంప్యూటర్‌కు ప్లస్, మైనస్ రెండు తీగలూ నేరుగా బ్యాటరీ నుంచే లాగాలి. పాయింట్ల ఇగ్నిషన్ ఉన్న బండైతే ముందు దాన్ని ఎలక్ట్రానిక్‌కు మార్చాలి. 1975 నుంచి షెవ్రొలె మాతృసంస్థ జీఎం బండ్లలో కంపెనీ నుంచే వచ్చిన హెచ్ఈఐ అనే ఎలక్ట్రానిక్ డిస్ట్రిబ్యూటర్ ఈ ఇంజిన్‌లో అలాగే కూర్చుంటుంది.

ఖర్చు, చట్టం, గేరు

ఇప్పటి ధరల్లో అటూ ఇటూగా చెప్పాలంటే థ్రాటిల్ బాడీ కిట్ 1,200 నుంచి 1,500 డాలర్లు. ట్యాంకు, పంపు కలిపి పైన చెప్పినంత. గొట్టాలు, ఫిల్టర్లు 200. ఆల్టర్నేటర్ 150. సైలెన్సర్ షాపులో సెన్సార్ నట్టు వెల్డింగుకు 50 నుంచి 100. మొత్తం మొదట్లో వేసుకున్న 2,500కు చుట్టుపక్కలే తేలుతుంది, అదీ పని మీరే చేసుకుంటే. వర్క్‌షాపుకిస్తే 15 నుంచి 20 గంటల కూలి. గంటకు 120 డాలర్లు వేసినా మరో 1,800 నుంచి 2,400. అప్పుడు మన పదిహేనేళ్ల లెక్క పాతికేళ్లకు పైగా సాగుతుంది.

నిజంగా పెట్రోలే మీ బాధైతే ఆ డబ్బు పెట్టాల్సింది గేరుబాక్సులో. 3.73 యాక్సిల్, 28 అంగుళాల టైర్లు, ఓవర్‌డ్రైవ్ లేని మూడు గేర్ల ఆటోమేటిక్ ఉన్న సీ-10 గంటకు 60 మైళ్ల దగ్గర నిమిషానికి 2,690 చుట్లు తిరుగుతుంది. 0.70 ఓవర్‌డ్రైవ్ ఉన్న 700ఆర్4 గేరుబాక్సు వేస్తే అదే వేగానికి 1,880 చాలు. హైవే మీద సరిగ్గా ట్యూన్ చేసిన క్వాడ్రాజెట్ మిశ్రమం ఎలాగూ 14.7కు దగ్గరలోనే ఉంటుంది. కంప్యూటర్ అక్కడ కొత్తగా మిగిల్చేది తక్కువ. మైలేజీ పెద్దగా పెరగకపోవడానికి కారణం అదే.

చట్టం విషయం కాలిఫోర్నియాలో ఉన్నవాళ్లే ఎక్కువగా పట్టించుకోవాలి. అక్కడ 1975, అంతకు ముందటి పెట్రోలు బండ్లకు స్మాగ్ పరీక్ష లేదు. 1976 నుంచి ఉంది, ఆ బండ్లకు కిట్ మీద రాష్ట్ర వాయు వనరుల బోర్డు ఇచ్చిన అనుమతి నంబరు ఉండాలి. 1975 పికప్ యజమానిని పరీక్షకు రమ్మనేవారు లేరు, 1976 పికప్ యజమాని ఆ నంబరుతో సహా చూపించాలి. టెక్సాస్‌లో పొగ పరీక్ష కొన్ని కౌంటీల్లోనే, అదీ 24 ఏళ్ల వయసు దాకా ఉన్న బండ్లకే.

ఇంతకీ ఆ 2,500 డాలర్లతో కొనుక్కునేది ఏమిటి? జనవరి పొద్దున తాళం తిప్పితే రెండో చుట్టుకే అందుకోవడం. ఎండలో పెట్రోలు బంకులో ఆగి, మళ్లీ తాళం తిప్పినప్పుడు నలుగురి ముందూ పరువు పోకపోవడం. హ్యూస్టన్ నుంచి ఐసెన్‌హోవర్ సొరంగం దాకా స్క్రూడ్రైవర్ తీయకపోవడం. భార్యకో కొడుకుకో తాళాలిచ్చి, చోక్ పాఠం చెప్పకుండా పంపగలగడం. నెలకోసారి మాత్రమే, చదును నేల మీద, ఎండాకాలం సాయంత్రాలు తిప్పే బండైతే వీటిలో ఒక్కటీ మీకు అక్కర్లేదు. వంద డాలర్లలోపు రిపేరు కిట్‌తో క్వాడ్రాజెట్‌ను విప్పి శుభ్రం చేయించి, మంచి ఎలక్ట్రిక్ చోక్ పెట్టుకోండి. కొండల్లోనో, మంచు పడే చోటో ఉండి, తరచుగా తీసే బండైతే ఇంజెక్షన్ పెట్టుకోండి, కానీ ట్యాంకుతో కలిపి లెక్క వేసుకోండి.

ఏది చేసినా, కార్డు గీకే ముందు 20, 30 డాలర్లకు దొరికే వ్యాక్యూమ్ గేజ్ ఒకటి కొని ఇంజిన్‌కు తగిలించి చూడండి. మామూలు కామ్ ఉన్న ఆరోగ్యమైన ఇంజిన్ ఐడిల్‌లో ముల్లు 17 నుంచి 21 అంగుళాల మధ్య కదలకుండా నిలబడాలి. వణికితే వాల్వులో, ఇగ్నిషనో, గాలి లీకో చూడాలి, ఆ పని ఏ కంప్యూటరూ చేసిపెట్టదు. డెన్వర్‌లో ఉన్నవాళ్లు ఆ అంకెల్లోంచి 5 అంగుళాలు తీసేసి చూసుకోండి.